ఇంటి గాలిలో రేడాన్: ఒక సగటు అంకె చరిత్ర

వ్యాససంగ్రహం

రేడాన్ రంగు, రుచి, వాసన లేని రేడియోధార్మిక వాయువు. పొగాకు తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ముఖ్య కారణాల్లో ఒకటిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని గుర్తించింది. ఒక గదిలో, ఒక క్షణంలో ఎంత రేడాన్ ఉందో చెప్పగల సాధనాలు 1950ల నాటికే సిద్ధమయ్యాయి. అయితే ఆరోగ్యం దృష్ట్యా కావలసింది ఏళ్ళ తరబడి పీల్చిన గాలి సగటు. ఆ సగటును పట్టుకోవడానికి జరిగిన ప్రయత్నాలను, వాటి లోపాలు శాసనాలనూ వైద్య నిర్ధారణలనూ ప్రభావితం చేసిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కొలతలోని దోషం రెండు చోట్ల రెండు విధాలుగా పనిచేసిందని, ఇళ్ళలోని రేడాన్‌ను ఎక్కువ చేసి చూపిందని, దానివల్ల కలిగే ముప్పును తక్కువ చేసి చూపిందని ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలక పదాలు: రేడాన్, థోరాన్, సగటు, గుణమధ్యమం, ఆల్ఫా కణాలు, కొలత దోషం.

1. తలుపు తీస్తే మారిన అంకె

1899లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో విద్యుత్ ఇంజనీరింగ్ ఆచార్యుడు ఆర్.బి. ఓవెన్స్ థోరియం సమ్మేళనాల రేడియోధార్మికతను కొలుస్తున్నాడు. అక్కడే భౌతికశాస్త్ర ఆచార్యుడైన ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ ఆ పనిలో ఆయనకు తోడుగా ఉన్నాడు. యురేనియం దగ్గర నిలకడగా వచ్చే అంకె థోరియం దగ్గర నిలిచేది కాదు. పరికరానికి దూరంగా, గది ఆ చివర ఉన్న తలుపు కదిలినా చాలు, అంకె మారిపోయేది. గాలి కదలికే ఇందుకు కారణమని ఓవెన్స్ గుర్తించాడు. థోరియం నుంచి ఒక రేడియోధార్మిక వాయువు వెలువడుతోందని, గాలి దాన్ని మోసుకుపోతోందని రూథర్‌ఫర్డ్ 1900లో ప్రకటించాడు. ఇప్పుడు మనం థోరాన్ అంటున్నది దాన్నే. అదే ఏడాది జర్మనీలోని హాలే నగరంలో ఫ్రీడ్రిక్ ఎర్నెస్ట్ డార్న్ రేడియం నుంచి కూడా ఇటువంటి వాయువు వెలువడుతుందని గమనించాడు. ఇళ్ళలో ఇవాళ కొలుస్తున్న రేడాన్ ప్రధానంగా ఈ రెండోదే.

విజ్ఞానశాస్త్ర చరిత్రకారులు ఈ ఘట్టాన్ని ఆవిష్కరణగా చెబుతారు. కొలత వైపు నుంచి చూస్తే, ఈ వాయువు మనిషికి మొదట తెలిసింది ఒక కొలత దోషంగానే. తలుపు మూసి ఉంచితే ప్రయోగశాలలో ఆ దోషం పోతుంది. మనుషులు కాపురముండే ఇంట్లో మాత్రం తలుపులు మూసి కొలిస్తే అంకె నిలకడగా వస్తుందేమో గాని, అది ఆ ఇంటివారు నిత్యం పీల్చే గాలి అంకె కాదు. తెరిచి కొలిస్తే ఏ రెండు కొలతలూ కలవవు. ఎనిమిది దశాబ్దాల తర్వాత అమెరికాలో చెలరేగిన వివాదాలకు మూలం ఈ చిక్కులోనే ఉంది.

2. గనుల్లో పుట్టిన కొలమానం

ఇళ్ళకంటే ముందు రేడాన్‌ను గనుల్లో లెక్కపెట్టారు. జర్మనీలోని ష్నీబర్గ్ గనికార్మికులను తరతరాలుగా బలిగొన్న 'కొండజబ్బు' ఊపిరితిత్తుల్లో పుట్టే ప్రాణాంతక కణితి అని హార్టింగ్, హెస్సె అనే ఇద్దరు వైద్యులు 1879లో వివరించారు. 1920లలో ఆ గనుల గాలిలో రేడాన్‌ను కొలిచిన తర్వాత అనుమానం దానిమీదికి మళ్ళింది. కానీ లెక్క కుదరలేదు. పీల్చిన వాయువు చాలావరకు తిరిగి బయటికి పోతుంది కాబట్టి, అది ఒక్కటే అంత హాని చేయగలదని చెప్పడం కష్టమైంది. 1951లో అమెరికాలో విలియం బేల్ ఈ ముడి విప్పాడు. రేడాన్ క్షీణించగా పుట్టే పొలోనియం, సీసం, బిస్మత్ ఐసోటోపులు ఘన పదార్థాలు. అవి ధూళికణాలకు అంటుకొని ఊపిరితిత్తుల్లో నిలిచిపోతాయి. మోతాదులో అధికభాగం వాటిదే. ఆంగ్ల శాస్త్రసాహిత్యం వీటిని చాలాకాలం రేడాన్ 'కూతుళ్ళు' అంది. తర్వాత లింగభేదం లేని మాటకు మారింది. తెలుగులో 'సంతతి' అంటే చాలు, పేరు మార్చుకోవలసిన అవసరం మనకు రాదు.

హాని చేసేది సంతతి అని తేలడంతో కొలమానం కూడా సంతతి పేరనే ఏర్పడింది. లీటరు గాలిలోని రేడాన్ సంతతి విడుదల చేయగల ఆల్ఫా శక్తిని లెక్కించే 'వర్కింగ్ లెవెల్' అనే ప్రమాణాన్ని 1957లో అమెరికా ప్రజారోగ్య సేవా విభాగం ప్రవేశపెట్టింది. ఆ స్థాయి గాలిలో 170 గంటలు పనిచేస్తే ఒక 'వర్కింగ్ లెవెల్ మంత్' అవుతుంది. నెలకు 170 గంటలు అంటే ఒక కార్మికుడి పనివేళలు. ఇంటికి ఈ లెక్క అతకదు. మనిషి ఏడాదికి దాదాపు 7,000 గంటలు ఇంట్లో గడుపుతాడని ఐక్యరాజ్యసమితి రేడియేషన్ శాస్త్రీయ సంఘం అంచనా. అందులో పసిపిల్లలూ ఉంటారు, మంచం పట్టిన వృద్ధులూ ఉంటారు. అదే 1957లో ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలకు చెందిన హెన్రీ లూకస్ జింక్ సల్ఫైడ్ పూసిన కుప్పెను రూపొందించాడు. కుప్పెలోకి గాలి పట్టి, అందులో పుట్టే మెరుపులను లెక్కిస్తే రేడాన్ ఎంతో తెలిసిపోతుంది. కచ్చితమైన సాధనమే. అయితే ఆ కచ్చితత్వం కుప్పె నింపిన ఆ నిమిషానికి మాత్రమే. గనుల తనిఖీ అధికారులు ఏడాదికి కొన్నిసార్లు పట్టిన నమూనాలతోనే కార్మికుల జీవితకాలపు మోతాదులు నిర్ణయమయ్యాయి. కొలతలు లేని సంవత్సరాలకు పక్క గనుల అంకెలను అరువు తెచ్చుకున్నారు.

ఇళ్ళలో రేడాన్‌ను తొలిసారిగా పెద్ద ఎత్తున కొలిచినవారు స్వీడన్‌వారు. బెంగ్ట్ హుల్ట్‌క్విస్ట్ రెండు వందలకు పైగా నివాసాల్లో చేసిన కొలతలను 1956లో ప్రకటించాడు. యురేనియం పాలు ఎక్కువగా ఉండే ఆలం షేల్ రాతితో చేసిన తేలికపాటి కాంక్రీటు ఇళ్ళలో అంకెలు ఎక్కువగా వచ్చాయి. అయినా ఆ కాంక్రీటు తయారీ 1975 వరకు ఆగలేదు. ఇళ్ళ సమస్య అప్పటికి ఏదో ఒక దేశపు ఇటుకలకు సంబంధించిన విషయంగానే కనబడింది.

3. వాట్రస్ ఇల్లు

1984 డిసెంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, లిమరిక్ అణువిద్యుత్ కేంద్రంలో పనిచేసే స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు నడిచినప్పుడల్లా అక్కడి రేడియేషన్ హెచ్చరిక ద్వారం మోగింది. కేంద్రం ఇంకా విద్యుదుత్పత్తి మొదలుపెట్టలేదు. ఒకరోజు ఆయన లోపలికి వస్తూనే, పని మొదలుపెట్టక ముందే, ద్వారం మోగడంతో కాలుష్యం ఇంటినుంచి వస్తోందని తేలింది. బోయర్‌టౌన్‌లోని ఆయన ఇంట్లో లీటరు గాలికి సుమారు 2,700 పికోక్యూరీలు, అంటే ఘనపు మీటరుకు దాదాపు లక్ష బెకరెల్‌ల రేడాన్ బయటపడింది. పొరుగింట్లో అటువంటిదేమీ లేదు. 

ఇళ్ళలోని రేడాన్ ప్రధానంగా నిర్మాణ సామగ్రి నుంచి కాక, ఇంటి కింది నేల నుంచి వస్తుందని ఈ ఘటన తర్వాత అందరికీ అర్థమైంది. నేల రంధ్రాల్లోని గాలిలో రేడాన్ ఘనపు మీటరుకు వేలు, పదివేల బెకరెల్‌లలో ఉంటుంది. చలికాలంలో లోపలి వెచ్చటి గాలి పైకి లేచి కప్పు సందుల్లోంచి బయటికి పోతుంటే, నేల అంతస్తులో పీడనం కొద్దిగా తగ్గుతుంది. ఆ తగ్గుదల కొన్ని పాస్కల్‌లే. అయినా పునాది పగుళ్ళలోంచి నేలగాలిని లోపలికి లాగడానికి అది చాలు. రాత్రి ఎక్కువ, పగలు తక్కువ. చలికాలం ఎక్కువ, వేసవి తక్కువ. వాన కురిసి చుట్టుపక్కల నేల తడిస్తే వాయువు పొడిగా ఉన్న ఇంటి అడుగువైపు మళ్ళవచ్చు. గాలి వీచే దిశ, నిప్పుగూడులో మంట, నేలమాళిగ తలుపు, ఇంటివారి అలవాట్లు ఇవన్నీ అంకెను కదిలిస్తాయి. ఒకే ఇంట్లో ఒకే వారంలో అంకె అనేక రెట్లు మారడం అరుదు కాదు. ఇన్ని కదలికల మధ్య 'ఈ ఇంట్లో రేడాన్ ఎంత?' అన్న ప్రశ్నకు కాలవ్యవధి చెప్పకుండా జవాబివ్వడం కుదరదు.

4. రెండు రోజుల బొగ్గు, ఏడాది ప్లాస్టిక్

కాలవ్యవధి విషయంలో రెండు సాధనాలు రెండు దారులు చూపాయి. ఒకటి బొగ్గు డబ్బా. ఉత్తేజిత బొగ్గు రేడాన్‌ను తన ఉపరితలానికి పట్టి ఉంచుతుంది. డబ్బాను రెండు నుంచి ఏడు రోజులు తెరిచి ఉంచి, మూతపెట్టి ప్రయోగశాలకు పంపితే గామా కిరణాలను లెక్కించి ఫలితం చెబుతారు. చవక, సులభం. కానీ బొగ్గు పట్టుకున్నదాన్ని మళ్ళీ వదులుతుంది కూడా. రేడాన్ అర్ధాయువు 3.8 రోజులే కాబట్టి మొదటి రోజుల వాయువు చివరికి కొంత క్షీణించిపోతుంది. అందువల్ల డబ్బా చెప్పేది మొత్తం వ్యవధి సగటు కాదు. చివరి రోజులవైపు మొగ్గిన సగటు. గాలిలో తేమ ఉంటే నీటి ఆవిరి బొగ్గులో చోటు ఆక్రమించి అంకెను ఇంకా కదిలిస్తుంది.

రెండోది ఆల్ఫా జాడల ఫిల్ము. న్యూయార్క్ రాష్ట్రంలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో ఫ్లైషర్, ప్రైస్, వాకర్ 1960లలో అభివృద్ధి చేసిన సూత్రం దీనికి ఆధారం. ఆల్ఫా కణం ప్లాస్టిక్‌లో దూరినచోట కంటికి కనబడని గాయం మిగులుతుంది. వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో ఉంచితే ఆ గాయం గుంటగా పెరిగి సూక్ష్మదర్శినికి అందుతుంది. ఎల్ఆర్-115, సీఆర్-39 అనే ప్లాస్టిక్‌లు ఇందుకు ప్రసిద్ధమయ్యాయి. కరెంటు అక్కర్లేదు, తేమ పెద్దగా బాధించదు. మూడు నెలలైనా, ఏడాదైనా గోడకు వేలాడుతూ జాడలు పోగుచేస్తుంది. లోటల్లా ఓపిక పట్టవలసిరావడమే.

ఆ ఓపిక ఇళ్ళ అమ్మకాల విపణికి లేదు. 1986లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పౌరులకు మార్గదర్శిని ప్రచురించి, లీటరుకు 4 పికోక్యూరీలు, అంటే ఘనపు మీటరుకు సుమారు 150 బెకరెల్‌లు దాటితే సరిదిద్దుకోవాలని సూచించింది. ఈ హద్దు వార్షిక సగటుకు ఉద్దేశించింది. కానీ మొదటి పరీక్షగా ఆమోదం పొందింది కొద్దిరోజుల బొగ్గు కొలత. అదీ తలుపులు, కిటికీలు మూసి, నివాసయోగ్యమైన అన్నిటికంటే కింది అంతస్తులో చేసేది. ప్రమాదకరమైన ఇల్లు తప్పిపోకూడదన్న జాగ్రత్త దీనిలో ఉంది. అందులో తప్పుపట్టవలసిందేమీ లేదు. కాని ఈ పరీక్షల అంకెలనే కూడి భాగించి 'రాష్ట్రపు సగటు రేడాన్' అని చెప్పడం మొదలయ్యాక జాగ్రత్త కాస్తా వక్రీకరణగా మారింది. చలికాలపు, మూసిన ఇంటి, నేలమాళిగ అంకె ఆ కుటుంబం ఏడాది పొడవునా పీల్చే గాలి అంకెగా చలామణి అయింది.

లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలకు చెందిన ఆంథొనీ నీరో ఈ పద్ధతిని పట్టుదలగా విమర్శించాడు. 1986లో సహచరులతో కలిసి ఆయన అప్పటివరకు వచ్చిన సర్వేలను పునఃపరిశీలించి, అమెరికా ఇళ్ళ రేడాన్ లాగ్ నార్మల్ విభాజనాన్ని అనుసరిస్తుందని చూపాడు. ఆ లెక్కలో గుణమధ్యమం 0.9 పికోక్యూరీలు, అంకమధ్యమం 1.5. సగం ఇళ్ళు ఒకటికి దిగువనే ఉన్నా, వాట్రస్ ఇంటివంటి కొద్ది ఇళ్ళు అంకమధ్యమాన్ని పైకి లాగుతాయి. 'మామూలు ఇల్లు' ఏదని అడిగితే గుణమధ్యమం జవాబు. జనాభా మొత్తం మోసే హాని ఎంతని అడిగితే అంకమధ్యమం జవాబు. పత్రికలు రెండింటినీ 'సగటు' అనే రాశాయి. తర్వాత అదే పర్యావరణ సంస్థ 1989-90లో ఏడాదిపాటు ఆల్ఫా జాడల ఫిల్ములతో దేశవ్యాప్త సర్వే చేయించింది. నివాస అంతస్తుల వార్షిక సగటు 1.25 పికోక్యూరీలని, హద్దు దాటిన ఇళ్ళు దాదాపు 6 శాతమని తేలింది. నీరో వాదనకు ఈ ఫలితం ఎంత దగ్గరగా ఉందో చూస్తే, అంతకుముందు నాలుగేళ్ళ భయంలో కొలత పద్ధతి వాటా ఎంతో అర్థమవుతుంది.

5. జిల్లాల సగట్లు

ఇంటి సగటు చిక్కు ఇదైతే, ప్రాంతపు సగటుకు మరో చిక్కు ఉంది. మినెసోటా రాష్ట్రంలో 85 కౌంటీల్లోని 919 ఇళ్ళ కొలతలను ప్రైస్, నీరో, గెల్మన్ 1996లో విశ్లేషించారు. లెక్కకు అందరికంటే పైన నిలిచిన లాక్ కీ పార్ల్ కౌంటీలో కొలిచిన ఇళ్ళు రెండే. నమూనా ఇంత చిన్నదైనచోట సగటు అతిగా పైకో, కిందికో పోవడం సహజం. ఆ ఊరి నేల స్వభావం అందులో కొంతే. అందుకని వారు ఒక్కో కౌంటీ అంకెను రాష్ట్రపు సాధారణ స్థాయివైపు తగిన మేరకు జరిపే పద్ధతిని ఎంచుకున్నారు. కొలతలు తక్కువైన కొద్దీ ఆ జరుపుడు ఎక్కువ. ఈ ఉదాహరణ గణాంకశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ఎంత స్థిరపడిందంటే, దాని మూలం క్యాన్సర్ భయంలో ఉందని చదివే విద్యార్థులకు చాలామందికి తట్టదు.

పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్త బెర్నార్డ్ కోహెన్ ఇదే కౌంటీ సగట్లతో ఎదురు వాదన నిర్మించాడు. 1995లో ఆయన 1,601 కౌంటీల రేడాన్ సగటును, ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాల రేటును పోల్చి, రేడాన్ పెరిగినచోట మరణాలు తగ్గాయని చూపాడు. కౌంటీకి సగటు ఉంటుంది గాని, చనిపోయిన మనిషి ఏ ఇంట్లో ఉన్నాడో, ఎన్ని సిగరెట్లు కాల్చాడో ఆ సగటు చెప్పదని విమర్శకులు బదులిచ్చారు. ఆ విమర్శ సబబైనదని నా అభిప్రాయం. అయితే కోహెన్‌ను కొట్టిపారేసినవారు కూడా తమ అధ్యయనాల్లో ఒకే ఏడాది కొలతను ముప్ఫై ఏళ్ళ జీవితానికి ప్రతినిధిగా వాడుతూ వచ్చిన సంగతి మరవరాదు.

6. ముప్పు ఎలా కుంచించుకుపోయింది

వ్యక్తులవారీగా పోల్చే వైద్య అధ్యయనాల్లో రోగి గత ముప్ఫై ఏళ్ళు పీల్చిన రేడాన్ తెలియాలి. తెలిసేది ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్నది మాత్రమే. ఇంటికి కొత్త కిటికీలు వచ్చి ఉండవచ్చు, మనిషి మూడు ఇళ్ళు మారి ఉండవచ్చు, పాత ఇల్లు కూలిపోయి ఉండవచ్చు. విలియం ఫీల్డ్ బృందం 2000లో ప్రకటించిన అయోవా అధ్యయనం ఈ ఇబ్బందిని తగ్గించడానికి ఇరవై ఏళ్ళకు తక్కువ కాకుండా ఒకే ఇంట్లో ఉన్న స్త్రీలనే తీసుకుంది. అందులో 413 మంది రోగులు, 614 మంది పోలిక కోసం తీసుకున్నవారు. ప్రతి అంతస్తులో ఏడాదిపాటు ఫిల్ములు ఉంచి, ఎవరు ఏ అంతస్తులో ఎన్ని గంటలు గడిపారో అడిగి రాసుకున్నారు. కొలతను మనిషి వెంట నడిపించడం అంటే ఇదే. రేడాన్‌కూ క్యాన్సర్‌కూ స్పష్టమైన సంబంధం ఆ అధ్యయనంలో కనబడింది.

ఇంతకంటే ఆసక్తికరమైనది అద్దాల కథ. స్వీడన్‌లోని లుండ్‌కు చెందిన క్రిస్టర్ శామ్యూల్సన్ 1988లో ఒక ఉపాయం ప్రకటించాడు. రేడాన్ సంతతి గాజు ఉపరితలం మీద వాలి, ఆల్ఫా క్షీణతలోని ఎదురుదెబ్బకు కొద్దిగా లోపలికి చొచ్చుకుపోతుంది. అలా చేరిన సీసం-210 అర్ధాయువు సుమారు 22 ఏళ్ళు. దాని నుంచి పుట్టే పొలోనియం-210 వెలువరించే ఆల్ఫా కణాలను లెక్కిస్తే, ఆ గాజు గడిపిన దశాబ్దాల గాలి లెక్క తెలుస్తుంది. పెళ్ళినాటి ఫొటో చట్రం ఇల్లు మారినప్పుడు కుటుంబంతోపాటే వస్తుంది. మనిషి ప్రయాణాన్ని అది కూడా చేసి ఉంటుంది. మిస్సోరీ రాష్ట్రపు స్త్రీలమీద జరిగి 1999లో వెలువడిన అధ్యయనంలో ఈ రెండు పద్ధతులనూ వాడారు. గాలిలోని ప్రస్తుత కొలతలను బట్టి చూస్తే రేడాన్‌కు క్యాన్సర్‌తో గణాంకపరంగా నిలిచే సంబంధం కనబడలేదు. గాజు కొలతలను బట్టి చూస్తే కనబడింది. వ్యాధి ఒకటే, ప్రాంతం ఒకటే. మారింది సగటును తీసిన తీరు.

కారణం గణాంకాల్లో ఉంది. ఒక ఇంటి నిజమైన దీర్ఘకాల సగటు 200 బెకరెల్‌లు అనుకుందాం. కొలిచిన ఏడాది 100 వచ్చింది. మరో ఇంట్లో నిజం 100, కొలత 200. ఇటువంటి తారుమార్లు పెరిగిన కొద్దీ 'ఎక్కువ రేడాన్' వర్గంలో తక్కువవారు, 'తక్కువ' వర్గంలో ఎక్కువవారు కలిసిపోతారు. రెండు వర్గాల మధ్య రోగాల తేడా తగ్గి, ముప్పును చూపే వాలురేఖ చదునవుతుంది. దోషం యాదృచ్ఛికమే, ఏ పక్షానికీ మొగ్గదు. అయినా దాని ఫలితం మాత్రం ఒకే దిశలో ఉంటుంది.

దీని పరిమాణమెంతో శారా డార్బీ నాయకత్వంలో ఐరోపాలోని 13 అధ్యయనాలను కలిపి 2005లో ప్రకటించిన విశ్లేషణ లెక్కగట్టింది. 7,148 మంది రోగులు, 14,208 మంది ఇతరులు అందులో ఉన్నారు. కొలిచిన రేడాన్ ఘనపు మీటరుకు 100 బెకరెల్‌లు పెరిగితే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు 8.4 శాతం పెరిగింది. ఒకే ఇంట్లో వేర్వేరు సంవత్సరాల్లో తీసిన కొలతల మధ్య తేడాలను ఆధారం చేసుకొని యాదృచ్ఛిక దోషాన్ని సవరిస్తే అది 16 శాతమైంది. కొలతలోని అస్థిరత దాదాపు సగం ముప్పును కప్పిపుచ్చిందన్నమాట. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 100 బెకరెల్‌లను ప్రమాణంగా సూచించి, అది వీలుకాని దేశాల్లోనూ 300 దాటరాదని చెప్పడం వెనుక ఇటువంటి సవరించిన అంకెలు ఉన్నాయి.

7. థోరాన్, మట్టిగోడలు

ఇంతవరకు చెప్పిన చరిత్ర చలిదేశాల ఇళ్ళది: నేలమాళిగ, మూసిన కిటికీ, వేడి యంత్రం. వసారాలో పడుకొని, ఏడాదిలో ఎక్కువకాలం తలుపులు తీసి ఉంచే ఇంటికి 'మూసిన ఇంటి పరీక్ష' అర్థంలేనిది. మన ఇళ్ళలో గాలి ధారాళం కాబట్టి సమస్యే లేదని చెప్పడం సులువే. కానీ ఇక్కడ చిక్కు మరో వైపు నుంచి వస్తుంది.

ఓవెన్స్ పరికరాన్ని తికమక పెట్టిన థోరాన్ అర్ధాయువు 55.6 సెకన్లు. నేల లోతుల్లోంచి గదిలోకి చేరేలోపే అది క్షీణిస్తుంది. అందుకే గదిలోని థోరాన్ గోడల, నేల ఉపరితలాల నుంచే రావాలి. గోడకు ఆనుకొని ఎక్కువగా ఉండి, కొన్ని అంగుళాల దూరంలోనే గణనీయంగా పడిపోతుంది. సిమెంటు పూత, రంగు ఉన్న గోడకంటే మట్టిగోడ దాన్ని ధారాళంగా వదులుతుంది. థోరాన్‌ను వేరుచేయలేని ఫిల్ము అటువంటి గోడమీద వేలాడితే, థోరాన్ జాడలు కూడా రేడాన్ ఖాతాలో చేరతాయి. చైనాలోని లోయస్ మట్టి గుహ నివాసాలకు సంబంధించిన రేడాన్ కొలతల విషయంలో జపాన్ పరిశోధకులు 2004 ప్రాంతంలో లేవనెత్తిన సందేహం ఇదే.

భారతదేశంలో ఈ సందేహం మొదటినుంచీ ఉంది, ఎందుకంటే కేరళ తీరపు మోనజైట్ ఇసుక థోరియంతో నిండినది. మన భీమునిపట్నం, కళింగపట్నం తీరాల ఇసుకలోనూ మోనజైట్ ఉంది. భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించిన జంట గిన్నెల డోసిమీటరు ఈ అవసరంలోంచి వచ్చింది. ఒక గిన్నెకు వడపోత కాగితం, దానిలోకి రెండు వాయువులూ పోతాయి. రెండోదానికి పలుచని పొర. ఆ పొర దాటేలోపు థోరాన్ క్షీణించి, రేడాన్ మాత్రమే మిగులుతుంది. మూడో ఫిల్ము ఆచ్ఛాదన లేకుండా బయట ఉంటుంది, సంతతి కోసం. మూడింటి జాడలను పోల్చి మూడు అంకెలు రాబడతారు. బయటి ఫిల్ము అంకె గది గాలి కదలికకు లోబడి ఉంటుంది కాబట్టి దాన్నిబట్టి సంతతిని అంచనా వేయడం అన్నిటికంటే బలహీనమైన మెట్టు. తర్వాత వచ్చిన సూదిబెజ్జపు గిన్నెలు, సంతతిని నేరుగా పట్టే సెన్సార్లు ఆ బలహీనతను సవరించడానికి రూపొందినవే.

గ్రానైట్ నేలమీద నిలిచిన హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన కొలతలు ఈ సంప్రదాయంలోనివి. ఇటువంటి సర్వేల్లో డోసిమీటరును గోడకు దూరంగా, ఇంటి దూలం నుంచి వేలాడదీస్తారు. మూడు నెలలకొకసారి ఫిల్ము మార్చి, ఎండ, వాన, చలి కాలాలు కలిసేలా నాలుగు విడతల అంకెలు పోగుచేస్తారు. ఆ నాలుగింటిలో ఒక విడత ఇంటివారు ఊరికి వెళ్ళి తాళం వేసిన కాలమైతే, ఆ సంగతి ఫిల్ము చెప్పదు. అడిగి తెలుసుకొని కొలతతోపాటు రాసుకోవలసిందే.